పిట్టకు ఇచ్చిన మాట

2009 ఫిబ్రవరి 14

ఇవాళ అంజన్న మూడోరోజు. చిట్కుల్ వాగు ఒడ్డున, కాల్చిన చోటే విస్తరి వేశారు. అన్నం, కోడికూర, కల్లు సీసా, వాడికి ఇష్టమని ఉస్మానియా బిస్కెట్లు. కాకులు తుమ్మచెట్టు మీద బారుగా కూర్చుని చూస్తున్నాయే తప్ప ఒక్కటీ దిగలేదు.

వాడి అమ్మ మొగులమ్మ దండం పెట్టి, "నేను మంచిగనే ఉంట బిడ్డా, నా రంది పెట్టుకోకు, తిను" అంది. రాలేదు. మేనమామ ముందుకొచ్చి, "నీ బండి ఎవలకూ అమ్మం రా" అన్నాడు. రాలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. పొద్దుటి నుంచి ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టలేదు. చిన్నరాములు నా వైపు తిరిగాడు. అంజన్నా వాడూ ఒకే కంపెనీలో, ఒకే షిఫ్టు.

"టీచరమ్మా, వాని పానమంత గా ఆర్కుట్ గ్రూపుల ఉండె. మీరు జెర చెప్పున్రి."

మా గాలి-నీరు సంఘం పేరున ఆర్కుట్‌లో గ్రూపు తెరిచింది అంజన్నే. పేరు 'పటాన్‌చెరు గాలి'. షిఫ్టు దిగిన కుర్రాళ్లు నెట్ సెంటర్‌లో కూర్చుని ఏ పక్క నుంచి ఏం వాసన వస్తోందో, ఏ కాలువలోకి ఏం వదిలారో అందులో రాస్తారు. ఊళ్లో మమ్మల్ని వాసనోళ్ల సంఘం అంటారు, అననీ.

చేతులు జోడించి, "అంజన్నా, నీ గ్రూపు మూయం. నేను బతికుండగా మూయనివ్వను" అన్నాను. ఆ మాట పూర్తయిందో లేదో, ఒక కాకి దిగి కోడికూర ముక్క లాక్కుంది. మొగులమ్మ నా కాళ్లు పట్టుకుని ఏడ్చింది.

కాకికి ఆకలేసింది, దిగింది. అంతే. ఎండలో అంతమంది పస్తు ఉన్నారు, ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను.

ఫిబ్రవరి 15

మా ఆయన పోయినప్పుడు విస్తరి సర్దుతుండగానే కాకి వచ్చి వాలింది. తీరని కోరికంటూ నా దగ్గర ఏమీ మిగుల్చుకోలేదు కాబోలు ఆ మనిషి. ఇది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో.

ఫిబ్రవరి 22

మీటింగు. ఇస్నాపూర్‌లో జిరాక్స్ షాపు పైన మా గది. హైదరాబాద్ సమాఖ్య వాళ్లు ఉత్తరం రాశారు. మాలాంటి సంఘాలన్నీ ఇంటర్నెట్‌లో ఏది వాడుతున్నాయో, ఎందుకు వాడుతున్నాయో తేల్చి చెప్పాలట. ఆర్కుట్టా, యాహూ గ్రూపా, ఫేస్‌బుక్కా, బ్లాగా.

మా అధ్యక్షుడు వెంకటేశ్వరరావు గారు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరైన మనిషి. గడులు గీసిన కాగితం తెచ్చారు. ఆయన బజారుకి వెళ్లి వంకాయలు కొన్నా ముందు గడులు గీస్తారు.

"చూడండి నాగరత్నం గారూ, యాహూ గ్రూపు పద్ధతిగా ఉంటుంది. ఉత్తరం రాసినట్టు రాయొచ్చు, అన్నీ ఒకచోట భద్రంగా ఉంటాయి. ఈ ఫేస్‌బుక్ అనేదీ బాగుందంటున్నాడు బెంగళూరులో మా మేనల్లుడు. ఆర్కుట్ మరీ కుర్రకారు వ్యవహారం. ఆ సినిమా బొమ్మలూ అవీనూ."

చిన్నరాములు నైట్ షిఫ్టు దిగి తిన్నగా వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "సార్, మావోళ్లకు ఈమెయిలే లేదు. ఉన్నా ఎవడు తెరుస్తడు? ఆర్కుట్ల వాని దోస్తులుంటరు, సినిమా బొమ్మలుంటయి. గవి సూడనీకె వస్తడు. వచ్చినంక మన ముచ్చట గూడ సదువుతడు. మన ముచ్చట కోసమే వస్తడనుకుంటున్నరా?"

సినిమా బొమ్మల్ని ఎగతాళి చేసిన రావుగారు కాగితం మీద ఒక గడి కొట్టేశారు. నాకు సంతోషమేసింది. అయితే ఆయన వదలకుండా ఇంకోటి అడిగారు. "గ్రూపు ఓనర్ అంజన్న ఒక్కడే. వాడి పాస్‌వర్డ్ మనలో ఎవరికీ తెలియదు. రేపు ఎవడైనా అందులో అడ్డమైనవీ రాస్తే తీసేసేది ఎవరు?"

"అలాంటివేం జరగవండీ" అన్నాను. చాలా గట్టిగా అన్నట్టున్నాను, ఇద్దరూ నా మొహం చూశారు.

ఆర్కుట్‌లోనే ఉండాలని తీర్మానం. నేను చెయ్యెత్తింది షిఫ్టు కుర్రాళ్ల కోసమే.

మార్చి 3

అన్నం మిగిలితే మేడ మీద పిట్టగోడ పైన పెట్టాను. పారేయడం దేనికి.

మార్చి 9

ఆర్కుట్‌లో మన పేజీని ఎవరెవరు చూసి వెళ్లారో వాళ్ల ఫొటోలు ఒక పక్కన వస్తాయి. ఇవాళ తెరిచేసరికి మొదటి ఫొటో అంజన్నది. సింగూరు డ్యామ్ మీద ఎర్ర చొక్కాతో దిగినది. వాడు వచ్చి నా పేజీ చూసి వెళ్లాడట.

కంప్యూటర్ని ఆపే పద్ధతిలో ఆపకుండా ప్లగ్గే పీకేశాను.

మార్చి 10

ఎవడో ఆకతాయి. వాడి పాస్‌వర్డ్ ఎవడికో దొరికింది.

మార్చి 11

మళ్లీ వచ్చాడు.

పదోతరగతిలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్న కుర్రాడు. ఫిబ్రవరిలో కంపెనీలో ట్యాంకు కడగడానికి దిగి, లోపల గ్యాసుకి పడిపోయాడు. పైకి తీసేసరికే అయిపోయింది. అంతకు ముందు వారం ఇంటికొచ్చి, "టీచరమ్మా, మీ ఫొటో మంచిగ లేదు, వేరేది పెట్టున్రి" అని తనే నా పేజీలో ఫొటో మార్చి వెళ్లాడు. ఆ ఫొటోనే చూసి వెళుతున్నాడు ఇప్పుడు. చూసి వెళుతున్నారు. ఎవరో.

మార్చి 13

ఇవాళ రాలేదు. నేనేం ఎదురుచూడలేదు. మధ్యాహ్నం కూడా ఒకసారి తెరిచానంతే.

మార్చి 17

బియ్యం కొలత తప్పుతోంది ఈమధ్య. ఒక్కదానికి వండుకుంటే ఎంత కావాలో ఇన్నేళ్లలో తెలియకపోవడమేమిటి. పిట్టగోడ మీద కాకులకి అలవాటైపోయింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే రావుగారు గడులు గీస్తారు, చిన్నరాములు ఏడుస్తాడు.

మార్చి 21

గ్రూపులో పేరు లేకుండా ఎవరో రాస్తున్నారు. వాసనలన్నీ కల్పనేనట, సంఘానికి పనీపాటా లేదట. బూతు బొమ్మ ఒకటి. తీసేయడానికి మాకు అధికారం లేదు. ఆర్కుట్ వాళ్లకి రాశాం. ఎవరికి రాశామో, ఎక్కడ ఉంటారో, జవాబు లేదు.

రావుగారు ఏమీ అనలేదు. అననందుకు మరీ కోపమొచ్చింది నాకు.

మార్చి 25

తెలిసింది.

అంజన్న ఎక్కువగా కూర్చునేది చిట్కుల్ రోడ్డులో సత్తిబాబు నెట్ సెంటర్‌లోనని చిన్నరాములు చెప్పాడు. పాస్‌వర్డ్ సంగతి ఏమైనా తెలుస్తుందేమోనని సాయంత్రం వెళ్లాను. సత్తిబాబు మా రాజమండ్రి వైపు మనిషే. నన్ను చూసి గతుక్కుమన్నాడు.

"లోపల ఉందండి" అన్నాడు మెల్లగా.

కర్టెన్ వెనక మూల సిస్టం ముందు మొగులమ్మ. కంపెనీలో ఊడ్చే పని నుంచి వచ్చినట్టుంది, కొంగుకి ఇంకా సున్నం దుమ్ము ఉంది. కుర్చీ అంచున, మౌస్ మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది. తెర మీద నా ఫొటో.

"అంజన్న పాస్‌వర్డ్ ఆ సిస్టంలో సేవ్ అయిపోయుందండి. తెరవగానే వాడిదే వస్తుంది. కొడుకు బొమ్మ చూపించమని వచ్చిందండి ఒకరోజు. అప్పట్నుంచి రోజూ వస్తోంది. వద్దనలేకపోయానండి" అన్నాడు సత్తిబాబు.

ఆ మూలకి వెళ్లి నిలబడ్డాను. మొగులమ్మ తల తిప్పి చూసింది. దొంగతనం పట్టుబడినట్టేమీ లేదు ఆ మొహంలో.

"రా టీచరమ్మా. గిది నువ్వే గదా. వాని దోస్తుల బొమ్మలున్నయి, గీడ నొక్కితే నువ్వొస్తవ్, గీడ నొక్కితే చిన్నరాములొస్తడు. సదువు రాదు నాకు. మొకాలు ఎరుక. వాడు రోజు ఎవలెవలిని సూస్తుండెనో గాళ్లను సూసి పోత."

ఎన్ని రోజులు భయపడ్డానో. ఎన్ని రోజులు... భయమేనా అది?

ఇంటికొచ్చి కూర్చుంటే దుఃఖం ఆగలేదు. ఎవడో ఆకతాయి కాదని తేలింది, వాడూ కాదని తేలిపోయింది.

మార్చి 26

సంఘానికి చెప్పాలి. ఓనర్ పేజీ తెరిచి ఉంది, ఆ చెత్త రాతలు తీసేయొచ్చు, ఇంకొకరిని ఓనర్‌గా పెట్టొచ్చు. ఐదు నిమిషాల పని.

అప్పుడు ఆ మూల సిస్టం ముందు మొగులమ్మ కుర్చీ లాగేసినట్టవుతుంది. పండగ అయ్యాక చెబుతాను.

ఏప్రిల్ 4

చెబుతాను.

ఏప్రిల్ 14

ఎలక్షన్ జీపుల మైకులతో ఏ పనీ కావడం లేదు. ఎలక్షన్లు అయ్యాక.

ఏప్రిల్ 22

చిన్నరాములు కూతురు దవాఖానలో ఉంది. ఆరేళ్ల పిల్ల.

నిన్న గ్రూపులో పేరు లేకుండా ఒక రాత. కింద మా సంఘం పేరు పెట్టారు. 'చిట్కుల్ కొత్త కాలనీ బోరు నీళ్లు పరీక్ష చేయించాం, బాగున్నాయి, తాగవచ్చు.' ఎండాకాలం, ట్యాంకరు రాక రెండు రోజులు. నెట్ సెంటర్‌లో చదివిన వాళ్లు ఇళ్లకి వెళ్లి చెప్పారు. సంఘం చెప్పింది కదా అని తాగారు. చాలామందికి వాంతులు. పెద్దవాళ్లు తేరుకున్నారు. పిల్ల తేరుకోలేదు ఇంకా.

చూడడానికి వెళ్తే చిన్నరాములు బయట మెట్ల మీద కూర్చున్నాడు.  నన్ను చూడగానే, "నేనే చెప్పిన టీచరమ్మా మా ఇంటిదానికి. మన గ్రూపుల వచ్చింది, తాగున్రి అని నేనే చెప్పిన" అన్నాడు.

అప్పుడు చెప్పాను. మొగులమ్మ సంగతి, సత్తిబాబు సిస్టం సంగతి, మార్చి నుంచి నాకు తెలుసన్న సంగతి.

వాడు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి లోపలికి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 23

పిల్ల కళ్లు తెరిచింది.

ఏప్రిల్ 24

పిల్ల జావ తాగింది. తాగి, ఇంకొంచెం అడిగిందట.

రావుగారు మీటింగు పెట్టారు. ఈసారి గడుల కాగితం లేదు. నిన్న పొద్దున తొమ్మిదింటికి షిఫ్టు మారేటప్పుడు పాశమైలారంలో ఒక కంపెనీ గేటు దగ్గర నిలబడ్డానన్నారు. వచ్చిన ప్రతివాడినీ జేబులో ఫోను తీసి చూపించమన్నారట. "ఒరిస్సా నుంచి పనికొచ్చిన వాళ్లకి కూడా ఉందండీ ఫోను. నెట్ సెంటర్ అక్కర్లేదు, చదువు అంతంత మాత్రమైనా పక్కవాడు చదివి చెబుతాడు. మన నంబర్ల నుంచే పోతుంది కనుక మన పేరుతో ఇంకొకడు రాయలేడు. ఎస్సెమ్మెస్ చాలు మనకి" అన్నారు.

అంత సుళువైన మాట ఫిబ్రవరిలో మాకెందుకు తట్టలేదు? గేటు దగ్గరికి మేమెవరమూ వెళ్లలేదు. నేనైతే ఎక్కడికీ వెళ్లనవసరం లేకుండా వాగు ఒడ్డునే నిర్ణయం చేసేసుకుని వచ్చాను.

చిన్నరాములు తలెత్తకుండా అన్నాడు. "గ్రూపు మూసెయ్యాలె సార్. ఉంటే మల్ల ఎవడో ఏదో రాస్తడు. మూసేదైతే మొగులవ్వ చేతుల ఉన్నది. టీచరమ్మే చెప్పాలె గామెకు."

అవును, నేనే చెప్పాలి.

ఏప్రిల్ 25

మొగులమ్మ ఇంటికి వెళ్లాను. గిన్నెలు తోముతోంది. అంతా చెప్పాను. పిల్ల సంగతి ఆమెకి ముందే తెలుసు, రోజూ దవాఖానకి వెళ్లి చూసి వస్తోందట.

"అయితే మూసుడేనా?"

"మూయాలి మొగులమ్మా."

ఆమె గిన్నె కడిగి బోర్లించింది. ఇంకోటి తీసుకుంది. "ఆ మాట నాకిచ్చినవా నువ్వు? పిట్టకిచ్చినవ్. మల్ల పిట్టకే చెప్పాలె. నాకు చెప్తే ఏమైతది?"

నేను కాకుల్ని నమ్మనని అందామనుకున్నాను. బిస్కెట్లు నేను తెస్తానన్నాను.

ఏప్రిల్ 26

మళ్లీ అదే చోటు. ఈసారి ఆమే, నేనూ. అన్నం, కోడికూర తను వండింది. బిస్కెట్లు నేను తెచ్చాను. వాగులో నీళ్లు లేవు, నురగ మాత్రం ఉంది. తుమ్మచెట్టు మీద కాకి ఒక్కటే.

దండం పెట్టాను. సిగ్గేసింది మొదట, తర్వాత వేయలేదు. "అంజన్నా, ఆ రోజు ఎండకి తాళలేక నోటికొచ్చిన మాట ఇచ్చాను. ఇచ్చాక నిలబెడదామనే చూశాను. నీ గ్రూపు చూసి నీ స్నేహితుడి కూతురు చావు దాకా వెళ్లొచ్చిందిరా. మూసేస్తాం. కోపగించుకోకు."

కాకి కదల్లేదు.

చూశాం. కూర మీద ఈగలు మూగుతున్నాయి. నేను మళ్లీ అడిగాను. బతిమాలాను. సంఘం ఉంటుందన్నాను, నీ పని ఆగదన్నాను, నీ పేరు చెప్పుకుంటామన్నాను. కాకి మెడ తిప్పి వేరే వైపు చూసింది, తర్వాత లేచి కంపెనీల వైపు ఎగిరిపోయింది.

నాకు భయమేసింది. ఇది రాసుకోవడానికి మొహమాటమెందుకు.

మొగులమ్మ కొంగు దులుపుకుని లేచింది.

"రాడు. వాని కోపం నాకెరుక. చిన్నప్పుడు గూడ గంతే, అలిగితే దినమంత బువ్వ ముట్టకపోతుండె."

"మరి ఏం చేద్దాం?"

"పా, పోయి మూసొద్దం."

"వాడు ఒప్పుకోలేదు కదా మొగులమ్మా."

"ఒప్పుకోకుంటే ఒప్పుకోకపాయె. సచ్చినోని అలుక నేను పడ్త, నేను కన్నతల్లిని. ఆ పోరికి ఏమన్న అయితుండె అంటే ఎవలు పడుతుండిరి?"

సత్తిబాబు సెంటర్‌లో ఆ మూల సిస్టం తెరిచాడు. ఎర్ర చొక్కాతో అంజన్న. మొగులమ్మ ముందు వాడి ఫొటో మీద నొక్కింది, తర్వాత చిన్నరాములు మీద, నా మీద, ఇంకా ఎవరెవరి మీదో. అందర్నీ ఒకసారి చూసింది. ఎక్కడ నొక్కాలో నేను చూపించాను. నిజంగా తీసేయాలా అని అది మళ్లీ అడిగింది. ఏమడుగుతోందని ఆమె నన్ను అడిగింది. చెప్పాను.

"ఎన్నిసార్లడుగుతది" అని విసుక్కుని నొక్కింది.

బయటికొచ్చాక రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. లారీలు పోతూనే ఉన్నాయి.

మే 3

నంబర్లు పంచుకున్నాం. రావుగారికి ఇస్నాపూర్, చిన్నరాములుకి పాశమైలారం, నాకు చిట్కుల్. ఏదైనా ఉంటే ఎవరి వంతు ఊరికి వాళ్లు మెసేజ్ పంపాలి. అవసరం లేనిదే పంపకూడదని తీర్మానం. చిన్నరాములు నాతో మాట్లాడుతున్నాడు, అవసరమైనంత మాత్రం.

మొగులమ్మ కూడా వచ్చింది నంబరు ఇవ్వడానికి. కొంగు ముడి విప్పి ఫోను తీసింది. అంజన్నదే. ప్లాంటులోకి ఫోను తీసుకెళ్లనివ్వరు కదా, ఆ రోజు గేటు దగ్గర పెట్టి వెళ్లాడు. రోజూ ఛార్జింగ్ పెడుతోందట.

ఆ నంబరు నా ఫోనులో వాడి పేరు మీదే ఉంది. మార్చాలి.

మే 19

మొదటి మెసేజ్. వాగులోకి రాత్రి ఏదో వదిలారు, పశువుల్ని దింపొద్దని. ఒక్కొక్కరికీ చేరినట్టు నా ఫోనుకి కబురు వస్తుంది. వరసగా వచ్చాయి. మధ్యలో: 'అంజన్న - చేరింది.'

కాసేపటికి ఫోను మోగింది. తెర మీద అంజన్న. ఎవరో తెలుసు నాకు. తెలిసి కూడా నాలుగుసార్లు మోగనిచ్చి ఎత్తాను.

"టీచరమ్మా, ఫోను గుంయ్ మన్నది. పచ్చ బటన్ నొక్కితే నీకొచ్చింది. ఏం రాసినవో సదివి చెప్పు."

చదివి చెప్పాను. "మంచిగ రాసినవ్. మావోడు గూడ గిట్లనే రాస్తుండె" అంది.

జూన్ 2

పేరు మార్చలేదు.

జూన్ 8

అవసరం లేనిదే పంపకూడదన్నది తీర్మానం. ఆ ఒక్క నంబరుకి మాత్రం సాయంత్రం పూట ఒకటి పంపుతున్నాను. 'ఈ రోజు వాసన లేదు.' రావుగారికి తెలియనవసరం లేదు.

జూన్ 21

వాన మొదలైంది. పిట్టగోడ మీద అన్నం తడిసిపోయి అలాగే ఉంది. వాగు దగ్గరి నుంచి వచ్చిన రోజు మొదలు నా మేడ మీద ఒక్క కాకి వాలలేదు. వానకి కాకులు వేరే చోటికి వెళ్తాయి కాబోలు. అంతకుముందు కూడా, ఎండలున్నప్పుడు కూడా వాలలేదనుకో.

జూన్ 23

సాయంత్రం మెసేజ్ పంపాను. చేరింది. ఫోను మోగింది. అంజన్న అని తెర మీద. ఎత్తి, వాసన లేదని చదివి చెప్పాను.

పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. అవతల వాన చప్పుడు వినిపిస్తోంది, వాళ్ల రేకుల మీద.

"టీచరమ్మా, పిట్టొచ్చిందా ఇయ్యాల నీ కాడికి?"

మేడ మీద అన్నం పెడుతున్నానని నేను ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నాకు నేనే సరిగ్గా చెప్పుకోలేదు.

"రాలేదు మొగులమ్మా" అన్నాను.

"నా కాడికి గూడ రాలే. వానికింక కోపం పోలె. రేపు సూద్దాం తియ్" అంది.